యుద్ధం వచ్చినప్పుడు మతం ముందా, దేశం ముందా?

మీరు అడిగింది చదవనివాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. సరిహద్దులో ఉద్రిక్తత పెరిగిన రోజుల్లో మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సైనికులకు మద్దతుగా ఒక సభ పెట్టింది. జాతీయ గీతం పాడుతున్నప్పుడు ఒక కుటుంబం అందరితో పాటు లేచి నిలబడింది గానీ గొంతు కలపలేదు. తమ మత విశ్వాసం ఒప్పుకోదని తర్వాత చెప్పారు. అప్పటి నుంచి వాట్సాప్ గ్రూపులో గొడవ నడుస్తోంది. క్షమాపణ రాసివ్వాలని కొందరు, పోలీసు కంప్లయింట్ ఇవ్వాలని కొందరు అంటున్నారు. "మామూలు రోజుల్లో సరే, యుద్ధం వచ్చినప్పుడు కూడా మతం ముందేనా? రాజ్యాంగం దేశాన్ని కాపాడటానికా, ఇలాంటివాళ్లను కాపాడటానికా?" అన్నది మీ ప్రశ్న.

చిన్న జవాబు కావాలంటే, ఆ కుటుంబం ఏ చట్టాన్నీ మీరలేదు. కానీ మీ ప్రశ్నకు అది సరిపోదని తెలుసు. లా కాలేజీలో రాజ్యాంగ చట్టం పాఠం చెప్పిన రోజుల్లో ఏటా ఏదో ఒక బ్యాచ్‌లో ఇదే ప్రశ్న వచ్చేది. అప్పుడు నేను ముందు అమెరికాకు వెళ్లి, అక్కడి నుంచి కేరళకు వచ్చేవాణ్ని. ఎందుకంటే అమెరికా సుప్రీంకోర్టు ఇదే ప్రశ్నకు మూడేళ్ల తేడాతో రెండు పూర్తి విరుద్ధమైన జవాబులు చెప్పింది. రెండో జవాబు చెప్పేనాటికి ఆ దేశం రెండో ప్రపంచ యుద్ధంలో పీకల్లోతు మునిగి ఉంది.

పెన్సిల్వేనియాలో మైనర్స్‌విల్ అని ఒక బొగ్గు గనుల ఊరు. 1935లో అక్కడి బడిలో లిలియన్ గొబైటస్ అనే పన్నెండేళ్ల అమ్మాయి, ఆమె తమ్ముడు పదేళ్ల విలియం జెండా వందనం చేయడం మానేశారు. వాళ్లది యెహోవాసాక్షులు అనే చిన్న క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. విగ్రహాలకు, ప్రతిమలకు మొక్కకూడదని నిర్గమకాండము 20వ అధ్యాయంలో ఉన్న ఆజ్ఞను వాళ్లు జెండాకు కూడా వర్తింపజేసుకుంటారు. మిగతా క్రైస్తవులు చాలామంది అలా అనుకోరు. ఆ పదేళ్ల పిల్లవాడు స్కూలు బోర్డుకు పెన్సిల్‌తో రాసిన ఉత్తరం ఇప్పటికీ భద్రంగా ఉంది. దేశమంటే ప్రేమ లేక కాదు, దేశాన్ని ప్రేమిస్తాను, దేవుణ్ణి అంతకంటే ఎక్కువ ప్రేమిస్తాను, ఆయన ఆజ్ఞ పాటించాలి కాబట్టి వందనం చేయను అని అందులో రాశాడు. కింద "మీ విద్యార్థి" అని సంతకం పెట్టాడు. బోర్డు ఇద్దరినీ బడి నుంచి తీసేసింది. తండ్రికి ఊళ్లో కిరాణా షాపు ఉండేది. కొందరు అక్కడ సరుకులు కొనడం మానేశారు.

ఆ వందనం ఎలా ఉండేదో కూడా చెప్పాలి. ఇప్పుడు అమెరికన్లు గుండె మీద చెయ్యి పెట్టుకుంటారు. అప్పట్లో కుడిచేతిని జెండా వైపు నిటారుగా చాపి ప్రతిజ్ఞ చెప్పేవారు. ప్రతిజ్ఞ 1892 నాటిది, రాసింది ఫ్రాన్సిస్ బెల్లమీ అనే బాప్టిస్టు పాస్టరు. చెయ్యి చాపే పద్ధతి హిట్లర్ రాకముందు నుంచే ఉంది. కానీ 1930ల నాటికి చూసేవాళ్లకు అది నాజీ వందనంలాగే కనిపించసాగింది. సరిగ్గా అదే రోజుల్లో జర్మనీలో ఇదే మతం వాళ్లు "హైల్ హిట్లర్" అనడానికి నిరాకరించి కాన్సంట్రేషన్ క్యాంపులకు వెళ్తున్నారు. క్యాంపుల్లో వాళ్ల చొక్కాల మీద ఊదారంగు త్రికోణం గుర్తు కుట్టేవారు. అక్కడ ఒకడికి మొక్కం అన్నవాళ్లు, ఇక్కడ దేనికీ మొక్కం అన్నారు. వాళ్ల దృష్టిలో రెండూ ఒకటే సూత్రం.

గొబైటస్ పిల్లల కేసు కింది కోర్టుల్లో గెలిచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ 1940 జూన్ 3న తీర్పు వచ్చింది. ఆ తేదీ గమనించండి. డన్‌కర్క్ ఒడ్డు నుంచి బ్రిటిష్ సైన్యం పడవల్లో తప్పించుకుంటున్న వారం అది. ఇంకో పదకొండు రోజులకు పారిస్ జర్మన్ల చేతికి చిక్కింది. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు గానీ, ఫ్రాన్స్ లాంటి దేశమే కూలిపోతుంటే లోపల ఎవరు ద్రోహులో అన్న భయం అందరినీ పట్టుకుంది. కోర్టు 8-1 తేడాతో స్కూలు బోర్డును సమర్థించింది. తీర్పు రాసిన ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ వియన్నాలో పుట్టిన యూదుడు, పన్నెండేళ్ల వయసులో అమెరికా వచ్చినవాడు. జాతీయ ఐక్యతే జాతీయ భద్రతకు పునాది అన్నాడు. జెండా ఆ ఐక్యతకు గుర్తు, పిల్లల్లో ఆ భావం ఎలా నాటాలో నిర్ణయించాల్సింది శాసనసభలు, స్కూలు బోర్డులే తప్ప జడ్జీలు కాదన్నాడు. హార్లన్ ఫిస్క్ స్టోన్ ఒక్కడే విభేదించి, తన అసమ్మతి తీర్పును కోర్టు హాల్లో పైకి చదివాడు. ఏం ఆలోచించాలి, ఏం పలకాలి అన్న విషయంలో బలవంతం లేకపోవడమే స్వేచ్ఛకు ప్రాణం అన్నది ఆయన వాదన.

ఆ తీర్పు తర్వాత జరిగింది మీ గ్రూపులో అందరూ చదవాలి. కోర్టు చెప్పింది బడి క్రమశిక్షణ గురించి మాత్రమే. ఊళ్లలో జనానికి అర్థమైంది వేరు: వీళ్లు దేశద్రోహులని సుప్రీంకోర్టే తేల్చింది అనుకున్నారు. వారం తిరక్కుండానే మెయిన్ రాష్ట్రం కెన్నెబంక్‌లో వాళ్ల ప్రార్థనా మందిరం తగలబెట్టారు. ఇల్లినాయిస్‌లోని లిచ్‌ఫీల్డ్‌లో గుంపు వాళ్ల మీద పడింది. వెస్ట్ వర్జీనియాలో రిచ్‌వుడ్ అని ఒక ఊరు. జూన్ 29న అక్కడ కొందరు యెహోవాసాక్షులు రక్షణ అడగడానికి మేయర్ ఆఫీసుకు వెళ్లారు. అక్కడే వాళ్లను నిర్బంధించారు. మార్టిన్ కాట్లెట్ అనే డిప్యూటీ షెరీఫ్, అంటే స్థానిక పోలీసు అధికారి, తన బ్యాడ్జి తీసేసి, ఇక్కడి నుంచి జరిగేది చట్టం పేరు మీద జరగదు అని ప్రకటించాడు. వాళ్లతో ఆముదం బలవంతంగా తాగించారు. చేతులు ఒకే తాడుకు కట్టి వీధుల్లో నడిపించి ఊరి బయట వదిలేశారు. ఇదంతా చేసింది తాము దేశభక్తులమని మనసారా నమ్మినవాళ్లు.

ఆ పరిస్థితి చూసి అప్పటి సొలిసిటర్ జనరల్ ఫ్రాన్సిస్ బిడిల్ రేడియోలో మాట్లాడి గుంపు హింసను ఖండించాడు. అధ్యక్షుడి భార్య ఎలియనోర్ రూజ్‌వెల్ట్ కూడా శాంతంగా ఉండమని విజ్ఞప్తి చేసింది. కాట్లెట్ మీద ఫెడరల్ ప్రభుత్వం కేసు పెట్టి జైలు శిక్ష వేయించింది. బ్యాడ్జి తీసేసినంత మాత్రాన అధికారి అధికారి కాకుండా పోడని అప్పీలు కోర్టు 1943 జనవరిలో ఖాయం చేసింది. అప్పటికి అమెరికా యుద్ధంలో దిగి ఏడాది దాటింది. సైన్యం, ఆయుధాలు, రేషన్, ఇన్ని పనుల మధ్య కూడా ఒక చిన్న ఊరి డిప్యూటీ మీద కేసు నడపడానికి ప్రభుత్వం తీరిక చేసుకుంది. రాజ్యాంగ పాలన అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇలాంటి సంగతులే.

ఈలోగా జడ్జీల మనసు కూడా మారింది. 1940లో ఫ్రాంక్‌ఫర్టర్‌తో ఉన్న బ్లాక్, డగ్లస్, మర్ఫీ ముగ్గురూ 1942లో ఇంకో కేసులో తమ అసమ్మతి రాస్తూ, జెండా కేసులో పొరపాటు చేశామని బహిరంగంగా ఒప్పుకున్నారు. స్టోన్ చీఫ్ జస్టిస్ అయ్యాడు. రాబర్ట్ జాక్సన్, వైలీ రట్లెడ్జ్ కొత్తగా వచ్చారు.

రెండో కేసు మళ్లీ వెస్ట్ వర్జీనియాలోనే పుట్టింది. అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగి నెల తిరిగిందో లేదో, 1942 జనవరి 9న ఆ రాష్ట్ర విద్యా బోర్డు జెండా వందనం తప్పనిసరి చేసింది. చేయని పిల్లల్ని తీసేయాలి. తీసేసిన పిల్లవాడు బడికి రాకపోతే అది మళ్లీ నేరం. తల్లిదండ్రులకు 50 డాలర్ల దాకా జరిమానా, 30 రోజుల దాకా జైలు. పిల్లల్ని బాల నేరస్తుల కింద చూసే అవకాశం కూడా ఉంది. చార్ల్స్‌టన్ దగ్గర ఒక బడిలో చదువుతున్న బార్నెట్ అక్కాచెల్లెళ్లు వందనం చేయకపోవడంతో కేసు మొదలైంది.

తీర్పు పాఠంలో నేను విద్యార్థులకు ఎప్పుడూ చూపించే చోటు ఒకటి ఉంది. ఆ చేయి చాపే వందనం మరీ హిట్లర్ వందనంలా ఉందని తల్లిదండ్రుల-టీచర్ల సంఘం, స్కౌట్లు, రెడ్ క్రాస్, మహిళా క్లబ్బులు అభ్యంతరం చెప్పాయి. బోర్డు ఆ మాట మన్నించి వందనం తీరు కాస్త మార్చింది. యెహోవాసాక్షులకు మాత్రం ఏ సడలింపూ ఇవ్వలేదు. వాళ్లు ఊరికే మొండికేయలేదు, ప్రత్యామ్నాయం కూడా చూపించారు. జెండాను గౌరవిస్తాం, అది అందరికీ స్వేచ్ఛ, న్యాయం సూచించే గుర్తని ఒప్పుకుంటాం, దేవుని ధర్మానికి విరుద్ధం కాని చట్టాలన్నిటికీ లోబడతాం అని ప్రతిజ్ఞ చేస్తామన్నారు. బోర్డు ఒప్పుకోలేదు. అంటే వందనం రూపం మారితే ఇబ్బంది లేదు, కానీ గౌరవానికి వేరే దారి చూపించినా ఈ చిన్న గుంపు మాత్రం వంగాల్సిందే. బోర్డుకు కావలసింది ఐక్యతా, లొంగుబాటా అన్నది ఈ ఒక్క సంగతితో తేలిపోతుంది.

1943 జూన్ 14న తీర్పు వచ్చింది. అమెరికాలో ఆ రోజు జెండా దినం. ఉత్తర ఆఫ్రికాలో యుద్ధం ముగిసి నెల, సిసిలీ మీద దాడికి ఇంకో నెల. పసిఫిక్‌లో రోజూ మనుషులు చచ్చిపోతున్నారు. ఆ రోజు కోర్టు 6-3 తేడాతో తన పాత తీర్పును తానే కొట్టేసింది. రాసింది జాక్సన్. రెండేళ్ల తర్వాత న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకుల మీద అమెరికా తరఫున ప్రాసిక్యూటర్‌గా నిలబడిన జాక్సన్ ఆయనే.

జాక్సన్ చేసిన అసలు పని ప్రశ్ననే మార్చడం. 1940లో కోర్టు వేసుకున్న ప్రశ్న: అందరికీ వర్తించే రూలు నుంచి మతం పేరుతో వీళ్లకు మినహాయింపు ఇవ్వాలా? మీ గ్రూపులో జరుగుతున్న చర్చ కూడా ఇదే కదా, "వాళ్లకు మాత్రం ప్రత్యేకమా" అని. జాక్సన్ ఇంకో మెట్టు కిందికి దిగి అడిగాడు: ఒక పౌరుడు తాను నమ్మనిదాన్ని నమ్ముతున్నట్టు నోటితో చెప్పాలని, చేత్తో చూపాలని ఆజ్ఞాపించే అధికారం అసలు ప్రభుత్వానికి ఉందా? లేదన్నప్పుడు మినహాయింపు అన్న మాటే పుట్టదు. అది నాస్తికుడికీ వర్తిస్తుంది, ఇంకో మతస్తుడికీ వర్తిస్తుంది. రాజకీయాల్లో, జాతీయతలో, మతంలో ఏది సరైన నమ్మకమో నిర్ణయించే అధికారం చిన్నదైనా పెద్దదైనా ఏ అధికారికీ లేదు అన్న ఆయన వాక్యం లా చదివినవాళ్లలో చాలామందికి నోటికి వచ్చు.

ఐక్యత వద్దని ఆయన అనలేదు. ఒప్పించి, ఆదర్శంగా నిలిచి ఐక్యత సాధించడానికి ఎవరూ అడ్డు చెప్పరు, బలవంతం పెట్టవచ్చా అన్నదే ప్రశ్న అన్నాడు. రోమన్లు క్రైస్తవాన్ని అణచబోవడం, క్యాథలిక్ చర్చి మతవిచారణ (ఇంక్విజిషన్), రష్యా చక్రవర్తులు సైబీరియాకు తరిమేయడం, ఇప్పుడు మనం పోరాడుతున్న శత్రువులు చేస్తున్నది, అన్నీ వరసగా పెట్టి, అభిప్రాయాలను బలవంతంగా ఏకం చేస్తే దక్కేది శ్మశానంలో ఉండే ఏకాభిప్రాయమే అన్నాడు. దేశభక్తి కార్యక్రమాలు స్వచ్ఛందంగా ఉంటే దేశభక్తి నిలవదని అనుకోవడం మన వ్యవస్థల ఆకర్షణను మనమే తక్కువ చేసుకోవడం అన్నాడు. నాకు అన్నిటికంటే నిజాయితీగా అనిపించే మాట ఇంకోటి ఉంది: ఈ కేసులో సూత్రాలు అస్పష్టంగా ఉండి కష్టం రాలేదు, ఇక్కడున్నది మన జెండా కాబట్టి కష్టమైంది అని. బ్లాక్, డగ్లస్ కలిసి రాసిన చిన్న సమ్మతి తీర్పు కూడా చదవండి. బలవంతం కింద పలికిన మాటలు స్వార్థానికి తప్ప దేనికీ విధేయతను రుజువు చేయవని అందులో ఉంది.

క్లాసులో ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చేతులెత్తమంటే మొదట ఎక్కువమంది ఫ్రాంక్‌ఫర్టర్ వైపే ఉండేవారు. ఎన్‌సీసీలో ఉన్న పిల్లలు మరీ గట్టిగా వాదించేవారు. వాళ్లను నేనెప్పుడూ చులకన చేయలేదు. ఫ్రాంక్‌ఫర్టర్ 1943లోనూ మారలేదు, తన అసమ్మతిలో చరిత్రలో అందరికంటే ఎక్కువ హింసకు గురైన మైనారిటీకి చెందినవాణ్ని నేను అని మొదలుపెట్టాడు. వ్యక్తిగతంగా ఆ స్వేచ్ఛలు తనకూ ఇష్టమే, కానీ జడ్జి తన ఇష్టాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించకూడదు, తప్పు చట్టాన్ని సరిదిద్దుకోవడం ప్రజలే నేర్చుకోవాలి అన్నాడు. ఇది బరువున్న వాదన. జడ్జీలు అన్నిటిలో వేలు పెట్టడం నాకూ ఇష్టం లేదు. కానీ రిచ్‌వుడ్ వీధుల్లో తాడుకు కట్టిన మనుషులు ఎన్ని ఎన్నికలు ఆగాలి? శాసనసభ కూడా అదే భయంలో ఉంటుంది, ఓటర్లూ అదే భయంలో ఉంటారు. కొన్ని హక్కులను ఓటుకు పెట్టకూడదని రాజ్యాంగంలో ముందే రాసుకునేది సరిగ్గా ఇలాంటి నెలల కోసమే.

"అయితే యుద్ధంలో ఎవడికి ఇష్టమొచ్చినట్టు వాడుంటాడా?" అని మీ కార్యదర్శి అడిగారన్నారు. ఉండడు. అదే అమెరికా యుద్ధకాలంలో నిర్బంధ సైనిక సేవ పెట్టింది. దాన్ని ఏ కోర్టూ తప్పనలేదు. మత విశ్వాసం వల్ల ఆయుధం పట్టనివాళ్లకు 1940 చట్టమే దారి చూపింది. సుమారు 12,000 మంది అడవుల్లో, పొలాల్లో, మానసిక వైద్యశాలల్లో జీతం లేకుండా పనిచేశారు. ఆ ఏర్పాటుకూ ఒప్పుకోనివాళ్లు వేలమంది జైలుకు వెళ్లారు, వాళ్లలో ఎక్కువమంది యెహోవాసాక్షులే. 1944లో ఒక యెహోవాసాక్షి తన సంరక్షణలో ఉన్న చిన్నపిల్లతో వీధిలో మత పత్రికలు అమ్మించిన కేసులో బాల కార్మిక చట్టమే గెలిచింది, మతం ఓడింది. అంటే పన్ను కట్టమనవచ్చు, బ్లాకౌట్ పాటించమనవచ్చు, రేషన్ పెట్టవచ్చు, సైనిక రహస్యాలు బయటపెడితే శిక్షించవచ్చు. ఇతరులకు హాని కలిగే పనుల్ని ఆపవచ్చు. లోపలి నమ్మకాన్ని బయటికి అభినయించి చూపమని మాత్రం అడగకూడదు. గీత అక్కడ ఉంది.

ఈ కథను మరీ అందంగా చెప్పి వదిలేస్తే నేను అన్యాయం చేసినవాణ్నవుతాను. సరిగ్గా వారం తర్వాత, 1943 జూన్ 21న, అదే తొమ్మిదిమంది జడ్జీలు జపాన్ సంతతి పౌరుల మీద పెట్టిన కర్ఫ్యూను ఏకగ్రీవంగా సమర్థించారు. కేసు వేసిన గోర్డన్ హిరబయాషి క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కాలేజీ విద్యార్థి, అమెరికాలో పుట్టినవాడు. తీర్పు రాసింది ఎవరో కాదు, 1940లో ఒంటరిగా నిలబడిన స్టోన్. అప్పటికే పశ్చిమ తీరం నుంచి సుమారు 1,20,000 మందిని ఇళ్లు, పొలాలు వదిలించి క్యాంపులకు తరలించారు. పెర్ల్ హార్బర్ తర్వాత మొదట అరెస్టయినవాళ్లలో బౌద్ధ పూజారులు ఉన్నారు. కారణం వాళ్లు చేసిన పని కాదు, వాళ్లు ఎవరన్నదే. 1944లో ఈ తరలింపు మీదే వచ్చిన కొరెమాట్సు కేసులో జాక్సన్, మర్ఫీ, రాబర్ట్స్ ఎదురు తిరిగారు గానీ మెజారిటీ ప్రభుత్వానికే ఓటేసింది. 1988లో అమెరికా చట్టం చేసి క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. నలభై ఏళ్లు పైగా ఆలస్యం. జెండా కేసులో అంత బాగా చూసిన కళ్లకే శత్రువు ముఖం పోలిక కనిపించేసరికి మసక కమ్మింది. రాజ్యాంగం రాసి పెట్టుకుంటే చాలదు, జడ్జీలు కూడా భయపడతారు అని తెలుసుకోవడానికి ఆ రెండు జూన్ వారాలు చాలు.

ఇక మతం దేశాన్ని చీలుస్తుందన్న మాట. మీ గ్రూపులో ఒకరు రాశారట, యుద్ధంలో మతాలన్నీ మూట కట్టి పక్కన పెట్టాలని. అదే 1943లో ఫిబ్రవరి 3న గ్రీన్‌లాండ్ సమీపంలో డార్చెస్టర్ అనే సైనిక రవాణా ఓడను జర్మన్ సబ్‌మెరైన్ కొట్టింది. ఓడలో 900 మందికి పైగా ఉన్నారు, బతికింది 230 మంది. ఆ ఓడలో నలుగురు సైనిక మతగురువులున్నారు: ఒక మెథడిస్టు, ఒక యూదు రబ్బీ, ఒక క్యాథలిక్ ఫాదర్, ఒక రిఫార్మ్డ్ చర్చి పాస్టరు. లైఫ్ జాకెట్లు అయిపోతే నలుగురూ తమవి విప్పి పక్కవాళ్లకు ఇచ్చేశారు. ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకుంటూ, చేతులు కలిపి డెక్ మీద నిలబడి ఉండగా ఓడ మునిగిందని బయటపడినవాళ్లు చెప్పారు. జాకెట్ ఇవ్వమని ఎవరూ ఆర్డరు వేయలేదు. నలుగురూ ఒకే ప్రార్థన చేయాలని కూడా ఎవరూ అనలేదు. నార్మండీలో సేనలు దిగిన 1944 జూన్ 6 రాత్రి రూజ్‌వెల్ట్ రేడియోలో స్వయంగా ప్రార్థన చేశాడు, తనతో కలవమని దేశాన్ని అడిగాడు. కోట్లమంది రేడియోల ముందు కూర్చున్నారు. కలవనివాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు.

మన దేశానికి వద్దాం. యుద్ధం మన రాజ్యాంగానికి కొత్త కాదు. 1962 అక్టోబరు 26న చైనా యుద్ధంలో ప్రకటించిన ఎమర్జెన్సీ 1968 జనవరి దాకా నడిచింది. 1971 డిసెంబరు 3న పాకిస్తాన్ యుద్ధంతో ఇంకోటి వచ్చింది. యుద్ధం వల్ల ఎమర్జెన్సీ ప్రకటిస్తే 358వ అధికరణం కింద 19వ అధికరణంలోని వాక్ స్వేచ్ఛ, సభా స్వేచ్ఛ లాంటి హక్కులు పక్కకు పోతాయి. 25వ అధికరణం, అంటే మత స్వేచ్ఛ, తనంతట తాను పోదు. దాని అమలును ఆపాలంటే 359 కింద రాష్ట్రపతి విడిగా ఉత్తర్వు ఇవ్వాలి. ఎమర్జెన్సీయే ప్రకటించని ఉద్రిక్తతల్లో ఈ రెండిటి ప్రసక్తే రాదు. మంత్రి అయినా, ఎంపీ అయినా ప్రమాణం చేసేటప్పుడు దైవసాక్షిగా అనవచ్చు, ఆత్మసాక్షిగా అనవచ్చు. మూడో షెడ్యూలులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 1962 యుద్ధం తర్వాత 1963లో పదహారో సవరణతో ఆ ప్రమాణాల్లో దేశ సార్వభౌమత్వం, సమగ్రత అన్న మాటలు చేర్చారు. అప్పుడు కూడా దేవుడా, మనస్సాక్షా అన్న ఎంపికను అలాగే ఉంచారు.

మన తెలుగువాళ్లకు ఆ 1962తో ఇంకో బంధం ఉంది. బడిలో మనమంతా చేసిన "భారతదేశం నా మాతృభూమి" ప్రతిజ్ఞ ఆ సంవత్సరం రాసిందే. రాసినాయన నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. అప్పుడు విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారి. దాంట్లో మొదట వచ్చే బంధం సహోదరత్వం. ఆ మాట పలికే పిల్లవాడు ఏ మతం వాడైనా దానికి అడ్డం లేదు.

మీ సంగతికి సూటిగా సరిపోయే కేసు మాత్రం 1986 నాటిది. కేరళలో కొట్టాయం జిల్లా కిడంగూరు. ఒకే ఇంటి ముగ్గురు పిల్లలు పదో తరగతి, తొమ్మిది, అయిదు చదువుతున్నారు. వాళ్లూ యెహోవాసాక్షులే. రోజూ అసెంబ్లీలో జనగణమన మొదలవగానే నిటారుగా లేచి నిలబడతారు, పాడరు. ఎన్నో ఏళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు. ఒక శాసనసభ్యుడి కంటపడి అది రాష్ట్ర అసెంబ్లీలో చర్చ అయింది. విచారణకు కమిషన్ వేశారు. పిల్లలు బుద్ధిమంతులు, గీతానికి ఏ అగౌరవమూ చేయలేదని ఆ కమిషనే చెప్పింది. అయినా పైనుంచి వచ్చిన ఆదేశంతో 1985 జులై 26న ప్రధానోపాధ్యాయురాలు ముగ్గురినీ బడి నుంచి తీసేసింది. హైకోర్టులో రెండుసార్లు ఓడిపోయారు. సుప్రీంకోర్టులో బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా పేరుపడ్డ ఆ అప్పీలు మన తెలుగు జడ్జి ఓ. చిన్నప్ప రెడ్డి గారి బెంచి ముందుకు వచ్చింది. సుప్రీంకోర్టుకు వెళ్లకముందు ఆయన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి.

1986 ఆగస్టు 11 నాటి ఆ తీర్పులో ఆయన మైనర్స్‌విల్ కేసు, వెస్ట్ వర్జీనియా కేసు రెండూ చర్చించి జాక్సన్ వైపు నిలిచారు. పిల్లల నమ్మకం మన బుద్ధికి నచ్చుతుందా లేదా అన్నది కోర్టు చూడదు, వాళ్లు నిజాయితీగా నమ్ముతున్నారా, అది వాళ్ల మతంలో భాగమా అన్నదే చూస్తుంది అన్నారు. జాతీయ గీతం పాడి తీరాలని చెప్పే చట్టం ఏదీ లేదు. 1971 నాటి జాతీయ గౌరవ చట్టం 3వ సెక్షన్ గీతం పాడకుండా అడ్డుకోవడాన్ని, పాడుతున్న సభకు ఆటంకం కలిగించడాన్ని మాత్రమే నేరం అంటుంది. గౌరవంగా లేచి నిలబడటమే గీతానికి తగిన గౌరవం, పాడకపోవడం అగౌరవం కాదు. పిల్లల్ని తిరిగి చేర్చుకోమని ఆదేశించారు. చివర ఆయన రాసిన మాటలు ఇవి: మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దు. సినిమా హాళ్లలో జాతీయ గీతం మీద 2016లో వచ్చిన మధ్యంతర ఉత్తర్వు చూపించి ఇప్పుడంతా మారిందని మీ గ్రూపులో ఎవరైనా అనవచ్చు. ఆ ఉత్తర్వును 2018 జనవరి 9న సుప్రీంకోర్టే సవరించి ఐచ్ఛికం చేసింది. బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు చెక్కుచెదరలేదు.

ఇక చేయాల్సింది చెబుతాను. పోలీసు కంప్లయింట్ ఇవ్వకండి. లేచి నిలబడినవాళ్ల మీద 3వ సెక్షన్ నిలవదు, స్టేషన్ చుట్టూ తిరిగే టెన్షన్ ఆ కుటుంబానికీ మీకూ మిగులుతుంది. అసోసియేషన్ ప్రభుత్వం కాదు కాబట్టి 25వ అధికరణం మీకు నేరుగా వర్తించదని ఎవరైనా లాయరు చెబితే, సాంకేతికంగా ఆ మాటలో కొంత నిజముంది. కానీ మీ బైలాస్ తీసి చూడండి. సభ్యుడి మీద చర్య తీసుకోవడానికి అక్కడ రాసిన కారణాల్లో పాట పాడకపోవడం ఉండదు. లేని కారణంతో చర్య తీసుకుంటే రేపు కోర్టులో నిలబడాల్సింది మీ కార్యదర్శి. క్షమాపణ పత్రం డిమాండ్ చేస్తూ గ్రూపులో పెట్టిన మెసేజ్‌లను అడ్మిన్ చేత తీయించండి. ఆ కుటుంబం ఫ్లాట్ నంబరు, పిల్లల ఫొటోలు బయటి గ్రూపులకు ఎవరైనా పంపించి ఉంటే అది అన్నిటికంటే ముందు ఆపాలి, ఎందుకంటే గుంపులు పుట్టేది అక్కడే. తర్వాత సభ ఎప్పుడు పెట్టినా వాళ్లనూ పిలవండి. సైనిక సంక్షేమ నిధికి వసూలు చేస్తున్నారన్నారు కదా, రక్తదాన శిబిరం కూడా ఆలోచిస్తున్నారన్నారు. యెహోవాసాక్షులైతే రక్తం ఇవ్వరు, అదీ వాళ్ల నమ్మకమే, దాన్ని మళ్లీ గొడవ చేయకండి. నిధికి ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి.